తులిప్ పూలకి తేదీలు మీరు వేస్తే ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ల నుంచి కశ్మీర్‌కి జనాన్ని తీసుకెళ్లే ట్రావెల్స్ వారందరికీ నమస్కారం.

మాది కడియం దగ్గర నర్సరీ. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. పూల గురించి పుస్తకాల్లో చదివింది తక్కువ, మడుల్లో గొంతుక్కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. మా అత్తగారిని, మా ఆయన్ని వెంటబెట్టుకుని మీలో ఒకరి టూర్‌లో శ్రీనగర్ వెళ్లొచ్చాను. ఎవరి టూర్ అన్నది చెప్పను. చెబితే మిగతావాళ్లంతా ‘మేం అలాంటివాళ్లం కాదు’ అని పక్కకి తప్పుకుంటారు. వచ్చాక తెలిసినవాళ్లని నలుగురిని అడిగాను. ట్రావెల్స్ పేర్లు వేరు, కథ మాత్రం ఒకటే.

తిండి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెప్పేస్తున్నాను. దాల్ సరస్సు పక్కన, పళ్లు టకటకలాడే చలిలో, పొద్దున్నే వేడి ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసి పెట్టారు. రాత్రి పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు కూడా వేయించారు. ఇక్కణ్ణుంచి గ్రైండర్ మోసుకెళ్లిన మీ వంటవాళ్లకి దణ్ణం పెట్టాలి. నా గొడవంతా తులిప్ తోట గురించే.

జనవరిలో పోస్టర్ వాట్సాప్‌లో వచ్చింది. ఎరుపు, పసుపు, వంగపండు రంగుల్లో బారులు తీరిన పూలు, వెనక మంచు కొండ, పైన పెద్ద అక్షరాలతో ‘తులిప్ స్పెషల్’. కింద బ్యాచ్‌ల తేదీలు. ఏప్రిల్ మొదటి వారం నుంచి మే మొదటి వారం దాకా ఐదు బ్యాచ్‌లు. మూడో బ్యాచ్‌కి పూలు ఉంటాయా అని మా ఆయన ఫోన్ చేసి మరీ అడిగారు. ‘గ్యారంటీ సార్, ఏప్రిల్ అంతా ఫుల్లుగా ఉంటాయి’ అన్నారు అవతలి నుంచి. ఆ ఒక్క మాట మీదే డబ్బు కట్టాం.

మేం తోట గేటు ముందు దిగేసరికి ఏప్రిల్ మూడో వారం అయిపోతోంది. టైము పన్నెండున్నర. దిగుతుండగానే మీ మేనేజర్ కుర్రాడు విజిల్ ఊది చెప్పాడు, ‘ముప్పావుగంట టైమండీ, ఒంటిగంటంబావుకల్లా అందరూ బండి దగ్గర ఉండాలి, రెండింటికి లంచ్’ అని. టికెట్ల క్యూలో, సామాన్ల చెకింగ్‌లో పదిహేను నిమిషాలు పోయాయి. లోపలికి వెళ్లి చూస్తే కింది మడుల్లో పూలే లేవు. పచ్చటి కాడలు, వెడల్పాటి ఆకులు, కాడల చివర తలలు తుంచేసిన గాట్లు. మాతో వచ్చిన రాజమండ్రి ఆవిడ ఒక నిమిషం అలా చూసి, ‘ఇదేంటండీ, ఉల్లిమడి చూపించడానికా ఇంత దూరం తీసుకొచ్చారు?’ అంది. అందరూ నవ్వారు. నవ్వాక ఒక్కొక్కరి మొహాలూ వాడిపోయాయి.

పై మెట్ల మీద ఇంకా పూలున్నాయి. ఆలస్యంగా పూసే రకాలు అవి. కొన్నిటికి రేకుల అంచులు కత్తెరతో చీల్చినట్టున్నాయి, కొన్ని మన ముద్దబంతిలా రేకులు కిక్కిరిసి ఉన్నాయి. మాలో కుర్రాళ్లు అటు పరిగెత్తారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కిందే బెంచీల మీద కూర్చుని సరస్సు వైపు చూస్తూ ఉండిపోయారు. మిట్టమధ్యాహ్నం కావడంతో ఆ మిగిలిన పూలు కూడా ఎండకి సాసర్లలా బార్లా తెరుచుకుని ఉన్నాయి. తులిప్ వెచ్చబడితే విప్పుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. ఫొటోల్లో మనం చూసే గిన్నెలాంటి ఆకారం కావాలంటే పొద్దున తొమ్మిది, పది గంటలకి అక్కడ ఉండాలి. మనవాళ్లు ఆ టైముకి హోటల్లో రెండో విడత ఉప్మా తింటున్నారు.

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. ఆవిడ పై మెట్లకి రానన్నారు. పూలు లేని మడి దగ్గరే ఆగిపోయారు. నేను దగ్గరికి వెళ్లేసరికి వంగి మడి అంచున మట్టి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలుపుతున్నారు. ‘నీళ్లు నిలవవు అమ్మాయ్ ఇందులో, గుల్లగా ఉంది చూడు’ అన్నారు. మా గోదావరి నల్లమట్టిలో లిల్లీ దుంపలు వేసి, వానాకాలం నీళ్లు నిలిచి కుళ్లిపోతే ఏడ్చిన మనిషి ఆవిడ. ఎక్కడికి వెళ్లినా ముందు మట్టే చూస్తారు.

అక్కడ ఒక మాలీ పనిచేస్తున్నాడు. అక్కడివాళ్లు వేసుకునే పొడుగాటి అంగీ, ఫెరన్, తొడుక్కున్న పెద్దమనిషి. రేకులు రాలిన కాడని పట్టుకుని, బొటనవేలితో పై గుబ్బని మాత్రం టక్కున విరిచి బుట్టలో వేస్తున్నాడు. కాడ జోలికి, ఆకు జోలికి పోవడం లేదు. మా అత్తగారికి తెలుగు తప్ప మరో ముక్క రాదు. ఆయనకి తెలుగు రాదు. ఈవిడ ఆకు వైపు చూపించి, చెయ్యి తిప్పి ‘ఎందుకు ఉంచారు?’ అన్నట్టు సైగ చేశారు. ఆయన నవ్వి, ఆకు మీద చెయ్యి వేసి, ఆ చేతిని కాడ వెంట కిందకి జార్చి, నేల మీద రెండు తట్లు తట్టాడు. ఆకు తింటున్న ఎండంతా కిందకి వెళ్లాలి అని. మా అత్తగారికి ఠక్కున అర్థమైంది. గింజ కట్టనిస్తే బలమంతా గింజకి పోతుంది, తల తుంచేస్తే దుంపకి దిగుతుంది. మేం లిల్లీకి చేసేదీ అదే.

తర్వాత ఆయన పక్కన పారేసిన కుప్పలోంచి వేళ్లతో సహా ఊడొచ్చిన మొక్క ఒకటి తీసి ఇచ్చాడు. అడుగున ఉల్లిపాయకి ఉన్నట్టే గోధుమరంగు పొర. అది ఒలిస్తే, లోపల తల్లి దుంప పీల్చేసిన తాటిటెంకలా ఎండి ముడుచుకుపోయి ఉంది. దాన్ని ఆనుకుని తెల్లగా, నున్నగా రెండు పిల్ల దుంపలు. ఒకటి ఉసిరికాయంత, ఇంకొకటి సెనగగింజంత. తులిప్ దుంప ఒకే ఒక్కసారి పూస్తుంది. పూచి, తన ఒంట్లో ఉన్నదంతా పిల్లలకి ఇచ్చి ఎండిపోతుంది. మా అత్తగారు ఆ సెనగగింజని అరచేతిలో పెట్టుకుని చూసి, ‘అరటిచెట్టులాగా అన్నమాట. గెల వేశాక పిలకలకి వదిలేసి పోతుందే, అలాగ’ అన్నారు. నేను వచ్చీరాని హిందీలో ఆయనకి చెప్పబోయాను. అరటిని కేలా అంటారని గుర్తొచ్చింది గాని, పిలకకి మాట దొరకలేదు. ఆయనేదో అడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడు విజిల్.

ఒంటిగంటంబావు అయిపోయిందట.

నలభై ఏళ్లు మడుల్లో బతికిన మనిషి, ఇంకో ప్రాంతపు మడిలో పనిచేసే మనిషితో మొట్టమొదటిసారి మాట్లాడుతోంది. మధ్యలో ‘అమ్మమ్మగారూ, రండి రండి, సాంబారు చల్లారిపోతుంది’. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ముప్ఫై ఎనిమిది మందిని లెక్కపెట్టుకుంటూ తిరగాలి పాపం, లంచ్ ఆలస్యమైతే తిట్లు తినేదీ వాడే. ఆ ముప్పావుగంటని కాగితం మీద రాసింది మాత్రం మీరు.

ఇప్పుడు తేదీల సంగతి.

ఆ తోట అసలు పేరు ఇందిరాగాంధీ మెమోరియల్ తులిప్ గార్డెన్. అంతకుముందు సిరాజ్ బాగ్ అనేవారు. జబర్వన్ కొండ వాలు మీద, మెట్లు మెట్లుగా, సుమారు 30 హెక్టార్లు, అంటే మన లెక్కలో 74 ఎకరాలు. 2007లో మొదలైంది. 2024 సీజన్‌కి 73 రకాలవి 17 లక్షల పూలు అన్నారు. ఇంత తోటా జనానికి తెరిచి ఉంచేది ఏడాదికి మూడు, నాలుగు వారాలు, మహా అయితే నెల. గేటు తెరిచేది కూడా ఏటా ఒకే తేదీన కాదు. 2023లో మార్చి 19న తెరిచారు, 2024లో మార్చి 23న, 2025లో మార్చి 26న. చలి ఎప్పుడు వదులుతుందో, ఎండ ఎప్పుడు ముదురుతుందో దాన్ని బట్టి. మార్చిలో వేడి ముందే వచ్చేస్తే పూలు ముందే వచ్చి ముందే పోతాయి. పువ్వు మీద గట్టి వాన పడితే అక్కడితో దాని పని సరి.

మీరు అనొచ్చు, అంత పెద్ద తోట నడిపేవాళ్లు పూలని నెలల తరబడి ఉంచలేరా అని. మాకూ కొన్ని కిటుకులు తెలుసు. చామంతికి రాత్రి పొడుగు కావాలి. మా వైపు రాత్రిళ్లు మడుల మీద వరసగా బల్బులు వేలాడదీసి వెలిగిస్తారు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు పెళ్లి పందిరేమో అనుకుంటారు. ఆ వెలుతురుతో చామంతి ఇంకా పగలే అనుకుని మొగ్గ వేయకుండా ఆగుతుంది. మనకి కావలసిన పండక్కి లైట్లు ఆపేస్తే పూస్తుంది. బంతి అయితే ఇంకా సులువు, పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని నారు పోస్తే సరి.

తులిప్ ఇలాంటివాటికి లొంగదు. దానికి కావలసింది చలి. ముందటి వేసవిలోనే, దుంప పొర లోపల పువ్వు తయారైపోయి ఉంటుంది, కంటికి కనపడనంత చిన్నగా. దాని కాడ సాగి పైకి రావాలంటే కనీసం పన్నెండు వారాలు చల్లటి మట్టిలో పడుకోవాలి. అందుకే చలికాలం ముందు పాతిపెడతారు. ఢిల్లీలో శాంతిపథ్ పక్కన ఫిబ్రవరిలో పూసే తులిప్‌లు ముందుగా కోల్డ్ స్టోరేజీలో చలి తినిపించి తెచ్చిన దుంపలవి. కడియంలో మావాళ్లూ సరదాకి కొన్ని తెచ్చి కుండీల్లో పెట్టి చూశారు. కాడ సాగకుండానే ఆకుల మధ్యలోనే ఒక పువ్వు ఏడుపుమొహంతో విచ్చి, మూడో రోజుకి వేలాడిపోయింది. శ్రీనగర్ వాళ్ల చేతిలో ఉన్న కిటుకల్లా ముందు పూసేవి, మధ్యలో పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటడమే. దాంతో ఒక మెట్టు వాడుతుంటే ఇంకో మెట్టు విచ్చుకుంటుంది. అలా సాగదీస్తే ఆ నెల. అంతకుమించి ఎవరి వల్లా కాదు, మీ పోస్టర్ వల్ల అసలే కాదు.

(ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. హాలండ్ పువ్వు హాలండ్ పువ్వు అని బస్సులో పదిసార్లు చెప్పారు. తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు, అంటే కశ్మీర్‌కి ఇరుగుపొరుగే. అక్కణ్ణుంచి టర్కీ సుల్తానుల తోటలకి వెళ్లింది. తలపాగా అనే మాట మీదుగానే తులిప్ అన్న పేరు పుట్టింది. పదహారో శతాబ్దంలో హాలండ్ చేరింది. ఇప్పుడు దుంపలు అక్కణ్ణుంచి మళ్లీ ఈ కొండకి వస్తున్నాయి. బస్సులో ఆ సినిమా పాట ఇక్కడ తీశారు, ఈ సినిమా పాట అక్కడ తీశారు అని చెప్పే బదులు ఈ కథ చెప్పి ఉంటే మా రాజమండ్రి ఆవిడ ఆ ఉల్లిమడిని ఇంకోలా చూసేదేమో.)

మీ ఇబ్బంది నాకు తెలియకపోలేదు. మాదీ వ్యాపారమే. గ్రూప్ టికెట్లు మూడు, నాలుగు నెలల ముందే కొనాలి, హోటల్ వాడికి అడ్వాన్స్ పంపాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు మన బడి సెలవులు. రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకి వేసవి సెలవులు ఇచ్చేది ఏప్రిల్ నాలుగో వారంలో. తులిప్ కళకళలాడేది మార్చి చివర, ఏప్రిల్ మొదటి పది, పదిహేను రోజులు. అప్పుడు ఇంటింటా పరీక్షలు. మీకు సీట్లు నిండేది సెలవుల్లో, పువ్వు ఉండేది పరీక్షల్లో. ఈ రెంటికీ కుదరదు. కుదరదని మీకూ తెలుసు. తెలిసే పాత ఫొటో వేసి మే మొదటి బ్యాచ్‌కి కూడా ‘తులిప్ స్పెషల్’ అని పెడుతున్నారు. నిరుడు పూసిన మొక్క ఫొటో చూపించి ఈ ఏడాది వట్టి కుండీ అమ్మితే మా కొట్టు ముందు ఎంత గొడవవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

సెలవుల్లో వచ్చే కుటుంబాలకి చూపించడానికి కశ్మీర్‌లో ఏమీ లేదా? మేలో నిషాత్ బాగ్, షాలిమార్ బాగ్ గులాబీలతో నిండి ఉంటాయి. షాలిమార్ జహంగీర్ కట్టించింది, నిషాత్ నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ వేయించింది. నాలుగు వందల ఏళ్లనాటి తోటలు, చినార్ చెట్ల నీడ, మెట్ల మీద నుంచి దూకే నీళ్లు. ‘గులాబీల కశ్మీర్’ అని పోస్టర్ వేసుకోండి, ఎవరు కాదన్నారు? తులిప్ బ్యాచ్ అని పేరు పెడితే మాత్రం అది మార్చి ఆఖరి వారం నుంచి ఏప్రిల్ పది, పన్నెండు లోపే ఉండాలి. దానికి రిటైరైనవాళ్లు వస్తారు, పిల్లలు స్థిరపడినవాళ్లు వస్తారు, మాలాంటివాళ్లం వస్తాం. మీరు అనుకునేంత తక్కువమంది లేం. అప్పటికీ వాతావరణం అడ్డం తిరిగితే, ‘పూలు తగ్గాయండీ, చూసుకోండి’ అని బయల్దేరే వారం ముందు ఒక మెసేజ్ పెట్టండి. గ్యారంటీ అనే మాట పువ్వు దగ్గర వాడకండి.

రెండోది టైము. ఆ తోటకి రెండున్నర గంటలకి తక్కువ ఇవ్వొద్దు, పొద్దున్నే తీసుకెళ్లండి. టిఫిన్ పొట్లాలు కట్టి ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. లంచ్ ఒక గంట లేటైతే మనవాళ్లు గొణుగుతారు, నిజమే. పులిహోర పొట్లం చేతిలో పెడితే గొణుగుడు ఆగిపోతుంది, ఇది మీకు నేను చెప్పాలా.

ఇంకొకటి, ఇది మీకన్నా మనవాళ్లకి తగిలే మాట. మా బ్యాచ్‌లోనే ఒకాయన తాడు దాటి మడిలో దిగి, రెండు వరసల మధ్య భార్యని కూర్చోబెట్టి ఫొటో తీశాడు. సెక్యూరిటీ ఆమె ఈల వేసుకుంటూ వచ్చి తిడితే, ‘ఎలాగూ రాలిపోయే పూలేగా’ అని తెలుగులో గొణిగాడు. పువ్వు పోయినా, కింద ఆ సెనగగింజ ఉంది. ఆ ఆకు తొక్కితే దానికి తిండి పోతుంది. సంక్రాంతికి మా నర్సరీలకి వచ్చేవాళ్లూ ఇంతే. ఫొటో కోసం నారుమడిలో కాలు పెడతారు, అరటిపండు తొక్క కుండీలో పారేసి ఎరువేగా అంటారు. అలవాటుపడిపోయాం. కానీ అక్కడ, పరాయి చోట, మన భాష వినిపించిన వైపు ఆ మాలీ తల తిప్పి చూసినప్పుడు నాకు సిగ్గేసింది. బస్సులో మైకు మీ చేతిలోనే ఉంటుంది. తోట గేటు దాకా అంత్యాక్షరి ఆడించే బదులు రెండు నిమిషాలు తాడు దాటొద్దని, ఆకు తొక్కొద్దని, ఎందుకు తొక్కకూడదో చెప్పండి. మన జనం చెబితే వింటారు. ఎవరూ చెప్పరంతే.

డబ్బు వెనక్కి అడగడం లేదు. సరస్సు చూశాం, మంచు చూశాం, మా ఆయన గుల్‌మార్గ్‌లో రెండుసార్లు జారిపడి లేచి అదొక గొప్పగా చెప్పుకుంటున్నారు.

మా అత్తగారు మాత్రం ఆ మాలీ ఏం అడగబోయాడో అని ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. పిలకని హిందీలో ఏమంటారో మా పక్కింటి హిందీ మాస్టారిని కనుక్కుని కాగితం మీద తెలుగులో రాయించుకున్నారు కూడా. ఆ కాగితం ఆవిడ పర్సులో, ఆధార్ కార్డు వెనక ఉంది. మార్చి చివరి వారానికి బ్యాచ్ వేసి, పొద్దున తొమ్మిదింటికి తోట గేటు దగ్గర దింపుతామని రాసిచ్చే ట్రావెల్స్ మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. మావి మూడు సీట్లు. కిటికీ పక్కది ఆవిడకి.

ఇట్లు,
కడియం దగ్గర ఒక నర్సరీ ఇంటి కోడలు